చెరిగిన ఫొటోలను రాబట్టిన దుకాణం

మా తాతయ్య షష్టిపూర్తి ఫొటోలు పొరపాటున చెరిగిపోయిన మెమరీ కార్డును సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక చిన్న దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు మొదట అడిగింది ధర గురించి కాదు, "దీంట్లో మళ్లీ ఫొటోలేమైనా తీశారా సార్?" అని.

డిలీట్ చేసినప్పుడు సాధారణంగా పోయేది ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలోని నమోదేననీ, కొత్త సమాచారం వచ్చి పడనంతవరకు ఫొటో అక్కడే ఉంటుందనీ ఆయన విడమరిచి చెబుతుంటే, నోట్లో నానుతూ పైకి రాని పేరు, ఎవరో మొదటి అక్షరం అందించగానే తట్టడం గుర్తొచ్చింది. చెరిపిన ఫైళ్ల చోటును డ్రైవే ఖాళీ చేసేసే 'ట్రిమ్' అనే ఏర్పాటు పనిచేసే ఎస్ఎస్‌డీల్లో (కంప్యూటర్లలో వాడే చిప్ డ్రైవుల్లో) మాత్రం ఈ ఆశ తక్కువేనట.

మూడు రోజుల్లో చాలామటుకు ఫొటోలు దొరికాయి. పాత ఫైలు పేర్లు పోయి వరుస అంకెలే మిగిలాయి. ముందుగా కార్డుకు నకలు తీసుకుని, దాని మీదే పనిచేయడం నాకు నచ్చింది. రసీదు మాత్రం రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు.