మండువా ఇంటికి వైరు లేని కెమెరాలు: నాలుగేళ్లు వాడాక

మా ఊరింట్లో మొదటిసారి సీసీ కెమెరాలు పెట్టించింది 2019లో. నాలుగు కెమెరాలు, రికార్డింగులు దాచే ఒక డీవీఆర్ డబ్బా, చుట్టలకు చుట్టలు తెల్ల వైరు. ఆరు నెలలు తిరిగేసరికి అటక మీద ఎలుకలు ఆ వైరుని మూడు చోట్ల కొరికేశాయి. మిగిలినదాన్ని పెంకుల మీద గెంతే కోతులు లాగిపారేశాయి. బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు గోడకి డ్రిల్లు పెట్టగానే గచ్చు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. నాన్నగారు ఒక్కమాటే అన్నారు: "ఆపు బాబూ, దొంగ వచ్చినా ఇంత పాడు చెయ్యడు."

మాది కోనసీమలో పాత మండువా పెంకుటిల్లు. గోడలు దాదాపు మూరెడు మందం, సున్నం కట్టుబడి. పెరడు దాటి కొబ్బరి తోట, ఇంటికి డెబ్బై మీటర్ల దూరంలో కొబ్బరికాయలు నిలవచేసే కొట్టు. నడుమ దారిలో గడ్డి ట్రాక్టర్లు తిరుగుతాయి. పైన వైరు వేలాడదీస్తే తెగుతుంది, భూమిలో పాతితే గునపం దెబ్బ తప్పదు. పైగా కొబ్బరిచెట్లున్న చోట పిడుగుల భయం. అంత పొడవు రాగి తీగ వేస్తే, దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ దెబ్బ ఇంట్లోకి నడిచొస్తుంది. అందుకే 2021 వేసవిలో వైరు మాట పూర్తిగా వదిలేశాం. వీధి అరుగు మీద ఒకటి, పెరటి వసారాలో ఒకటి వైఫై కెమెరాలు పెట్టాం. కొట్టు దగ్గర సిమ్ కార్డుతో, సోలార్ పలకతో నడిచే కెమెరా పెట్టాం. నేనుండేది హైదరాబాద్‌లో, అమ్మా నాన్నగారూ ఊళ్ళో. నాలుగేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

ముందు ఒక అపోహ. వైఫై కెమెరా అంటే అసలు వైరే ఉండదనుకుని కొన్నాను. పోయేది నెట్‌వర్క్ వైరు మాత్రమే. కరెంటు వైరు ఎక్కడికీ పోదు. కెమెరాతో వచ్చిన అడాప్టర్ తీగ చూస్తే రెండు మీటర్లు కూడా లేదు, పాత ఇంట్లో ప్లగ్గులేమో గదికొకటి. పెరటి వసారాకి ప్లగ్గు పాయింటు లాగించడానికి ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చిన డబ్బు దాదాపు కెమెరా ధరంత అయ్యింది. మీరు కొనేముందు కెమెరా ఎక్కడ పెడితే బాగా కనిపిస్తుందో చూడకండి, ప్లగ్గు ఎక్కడుందో చూడండి.

ఇక గోడలు. రౌటర్ మొదట వీధి గదిలో ఉండేది, ఫైబర్ అక్కడికే వచ్చింది కాబట్టి. వీధి కెమెరా హాయిగా నడిచింది. పెరటిది మాత్రం రోజుకి పదిసార్లు పడిపోయేది. ఫోన్‌లో సిగ్నల్ చూపించే యాప్ వేసుకుని వసారాలో నిలబడితే మైనస్ 79 అని చూపించింది. ఈ అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 65 లోపుంటే వీడియోకి ఇబ్బంది ఉండదు, 75 దాటితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. సిగ్నల్ పెంచే బుడ్డి పెట్టె ఒకటి కొన్నాను. అది అందుకునేదే చచ్చిన సిగ్నలైతే ఇంక ముందుకి ఏం పంపుతుంది? దండగ.

దారి చూపింది ఇల్లే. ఒకరోజు అమ్మ మండువా పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ నాతో వీడియో కాల్ మాట్లాడుతోంది. బొమ్మ అద్దంలా ఉంది. వంటింట్లోకి వెళ్ళగానే ఆగిపోయింది. మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చోటు. అక్కడ గోడే లేదు. రౌటర్‌ని వీధి గదిలోంచి తీసి, మండువా వైపు తలుపు పైన, వాన జల్లు తగలని చోట మేకుకి తగిలించాం. అందుకు అవసరమైంది గది లోపలే పాకించిన పది మీటర్ల సన్నని ఫైబర్ తీగ. సిగ్నల్ రెండు గోడలు దూరే పని తప్పింది, మండువా మీదుగా ఎదుటి తలుపు గుండా వసారాలోకి పోతోంది. అదే చోట నిలబడి చూస్తే మైనస్ 62. పైసా పెట్టి కొత్త పరికరం కొనలేదు. ఈ నాలుగేళ్లలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటేనని మా ఆవిడ అంటుంది.

ఇంకో చిన్న తిప్పలు. ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది. గోడలు దాటడంలో 5 గిగాహెర్ట్జ్ కన్నా అదే మేలు. మా రౌటర్ రెండింటికీ ఒకటే పేరు పెట్టి ఇచ్చింది. సెటప్ చేస్తున్నప్పుడు ఫోనేమో 5 మీద, కెమెరా 2.4 మీద. గంటన్నర కుస్తీ పట్టాక రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టాను, రెండు నిమిషాల్లో కలిసింది.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఉన్నా కూడా కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి మళ్ళీ మొదలయ్యేది. అది తేరుకోవడానికి మూడు నిమిషాలు, కెమెరాలు దాన్ని వెతుక్కోవడానికి ఇంకో రెండు. వేసవిలో కరెంటు వస్తూ పోతూ ఉండే సాయంత్రాల్లో కెమెరాలు ఉన్నట్టా లేనట్టా తెలియదు. పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి దొరుకుతుంది, అరచేతి మందాన ఉంటుంది. పదిహేను వందలు పెట్టి కొని రౌటర్‌కి పెట్టాక ఆ బాధ పోయింది. కొత్తలో నాలుగు గంటలు వచ్చేది, ఇప్పుడు రెండున్నర వస్తోంది.

అక్కడే ఒక పొరపాటు కూడా జరిగింది, పూర్తిగా నాదే. రౌటర్‌ది పన్నెండు వోల్టులు, పెరటి కెమెరాది అయిదు. రెండు అడాప్టర్ల పిన్నులూ కవల పిల్లల్లా ఉన్నాయి. తుడిచి పెట్టేటప్పుడు మార్చి గుచ్చాను. చిన్నగా చిటపట, ఆనక ప్లాస్టిక్ కాలిన వాసన. దాని బదులు ఇంకో కెమెరా కొనాల్సి వచ్చింది. ఆరోజే అమ్మ అయిదు వోల్టుల తీగకి ఎర్ర దారం కట్టింది. ఇప్పటికీ అలాగే ఉంది.

రాత్రిపూట పెద్ద శత్రువు దొంగ కాదు, సాలీడు. చీకట్లో చూడటానికి కెమెరా చుట్టూ కంటికి కనిపించని వెలుగు వచ్చే దీపాలుంటాయి. కెమెరా చుట్టూ పురుగులు, పురుగుల కోసం సాలీళ్ళు, వాటి వెనక బల్లులు. కటకం ముందు ఒక్క గూటి పోగు అల్లుకుంటే చాలు, రాత్రి బొమ్మంతా తెల్లటి తెర కప్పినట్టు ఉంటుంది. పోగు గాలికి ఊగినప్పుడల్లా "మనిషి కదలిక" అని ఫోన్‌కి కబురు. ఒక కార్తీకమాసం రాత్రి ముప్పై ఏడు కబుర్లు వచ్చాయి. టెన్షన్‌తో లేచి చూస్తే ప్రతిదాంట్లోనూ అదే సాలీడు. చివరికి కెమెరా దీపాలు ఆపేసి, దానికి నాలుగడుగుల అవతల తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలిగించి ఉంచాం. పురుగులు బల్బు దగ్గరికి పోయాయి. రాత్రి బొమ్మ రంగుల్లో వస్తోంది, తొడుక్కున్న చొక్కా రంగు కూడా తెలుస్తుంది. ఆదివారం ఆదివారం అమ్మ బూజు కర్రతో ఒకసారి దులుపుతుంది.

కొట్టు దగ్గరి కెమెరా కథ పెద్దది. అక్కడున్నది వ్యవసాయ మోటారు కనెక్షన్, కరెంటు వచ్చేది పగలు తొమ్మిది గంటలే. రాత్రంతా కావలసిన కెమెరాకి అది పనికిరాదు. అందుకే సోలార్. ఇలాంటి కెమెరా ఎప్పుడూ మెలకువగా ఉండదు. నిద్రపోతూ ఉంటుంది. వెచ్చటి ఒళ్ళు ఏదైనా ఎదురుగా కదిలితే లేచి రికార్డు చేస్తుంది. లేవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. సైకిల్ మీద రివ్వున పోయేవాడి వెనక చక్రం మాత్రమే దొరుకుతుంది. మొదట దాన్ని దారికి ఎదురుగా పెట్టి విసిగిపోయాం. నేరుగా ఎదురొచ్చే మనిషిని ఆ సెన్సర్ ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా నడిచేవాణ్ణి వెంటనే పట్టుకుంటుంది. కొట్టు మూలకి జరిపి, జనం అడ్డంగా నడిచేలా తిప్పాక మొహాలు పడటం మొదలైంది.

సోలార్ పలకని మొదట కెమెరా పక్కనే, కొబ్బరాకుల నీడలో బిగించారు. ఎండాకాలం ఎలాగో గడిచింది. శ్రావణం వచ్చేసరికి బ్యాటరీ పన్నెండు శాతానికి దిగి, ఒక రాత్రి మాటాపలుకూ లేకుండా ఆగిపోయింది. పలకని ఊడదీసి కొట్టు కప్పు మీద దక్షిణం వైపుకి వాల్చి పెట్టాం. తరవాత ముసురు వరసగా నాలుగు రోజులు పట్టినా నలభై శాతం కిందికి దిగలేదు. నెలకోసారి కాకి రెట్టలు కడగాలి, అంతే.

సిమ్ ఖర్చు మాత్రం ఎవరూ ముందు చెప్పరు. నిద్రపోయే కెమెరా కాబట్టి రోజువారీ రికార్డులకి వంద, నూటయాభై ఎంబీ సరిపోతుంది. డేటా మింగేది మనమే. ఒక ఎంబీపీఎస్ (సెకనుకి ఒక మెగాబిట్) చొప్పున అరగంట లైవ్ చూస్తే 225 ఎంబీ పోతుంది, కొబ్బరికాయల దింపు రోజుల్లో నాన్నగారు మంచం మీద పడుకుని గంటలు గంటలు చూస్తారు. కెమెరా కొన్నది ఎనిమిది వేలకి. ఈ నాలుగేళ్లలో రీచార్జిలకి పెట్టింది దాన్ని ఎప్పుడో దాటేసింది.

2022 మే నెలలో అమలాపురంలో గొడవలు జరిగాక కొన్నాళ్ళు మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. సిమ్ కెమెరా మూగబోయింది. నేను హైదరాబాద్‌లో ఉండి యాప్ తెరిచిన ప్రతిసారీ గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. తరవాత చూస్తే ఆ రోజులన్నీ కెమెరాలో ఉన్న మెమరీ కార్డులో భద్రంగా ఉన్నాయి. అప్పటినుంచి కార్డు లేకుండా క్లౌడ్‌నే నమ్ముకోమని నేనెవరికీ చెప్పను.

సిమ్ ఖర్చు తప్పించుకుందామని ఇంటి నుంచి కొట్టుకి వైఫై గురిపెట్టి పంపే జంట పరికరాలు ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి బిగించాను. ఒకదానికొకటి ఎదురుగా కనిపించేలా ఉంటే డెబ్బై మీటర్లు వాటికి లెక్కే కాదు. మా నడుమ కొబ్బరి మట్టలున్నాయి. ఎండగా ఉన్నప్పుడు బాగానే నడిచింది, వానకి తడిసిన ఆకులు గాలికి అడ్డంగా ఊగితే లింకు పడిపోయేది. పైగా అటువైపు పెట్టెకీ, ఎప్పుడూ మెలకువగా ఉండే కెమెరాకీ కలిపి పది వాట్లు వేసుకున్నా రోజుకి 240 వాట్ అవర్లు. దానికి పెద్ద పలక, పెద్ద బ్యాటరీ కావాలి. కొట్టులో ఉన్న కాయల విలువకి అంత హంగు దేనికని తిరిగిచ్చేశాను. నడుమ చెట్లు లేకుండా, అవతల ఇరవై నాలుగ్గంటలూ కరెంటు ఉన్నవాళ్ళు మాత్రం సిమ్ కెమెరా జోలికి పోకుండా ముందు దీన్నే చూడండి.

కార్డు మాటొచ్చింది కాబట్టి అసలు దెబ్బ ఎక్కడ తిన్నామో చెప్తాను. వీధి కెమెరాలో ఇంట్లో ఉన్న మామూలు 64 జీబీ కార్డు వేశాను. లైవ్ చక్కగా వచ్చేది, "కార్డు సరిగానే ఉంది" అని యాప్ చూపించేది. ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం అరుగు మీద నాన్నగారి సైకిల్ మాయమైంది. వెనక్కి జరిపి చూస్తే రికార్డింగు రెండు నెలల కిందటి తేదీ దగ్గర ఆగిపోయి ఉంది. కార్డు అరిగిపోయింది. ఇరవై నాలుగ్గంటలూ రాసే పనికి ఆ కార్డులు తట్టుకోవు. ఇలా ఎడతెగకుండా రాయడానికే చేసిన కార్డులు వేరే ఉన్నాయి, కాస్త ఖరీదెక్కువ. ఇప్పుడు 128 జీబీవి అవే వాడుతున్నాం. ఒకటిన్నర ఎంబీపీఎస్ మీద రోజుకి పదహారు జీబీ చొప్పున వారం రోజుల రికార్డు ఉంటుంది. ప్రతి నెల ఒకటో తారీఖున నిన్నటి వీడియో ఒకటి తెరిచి చూడటం నాకు అలవాటైంది. సైకిల్ దొరకలేదు.

ఇంటి లోపల కూడా ఒకటి పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "మండువాలో కూర్చుని తల ఆరబెట్టుకుంటాను. అక్కడ నీ కన్నెందుకురా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వీధి కెమెరాలో పక్కింటి పిన్నిగారి అరుగు కూడా పడుతోందని ఆవిడ మొహమాటపడుతూ అడిగారు. యాప్‌లో ఆ మూలకి నల్ల పట్టీ వేసి, ఆవిడకి నా ఫోన్‌లో చూపించాను. అడగకముందే చెయ్యాల్సిన పని అది.

కెమెరాలో మాట్లాడే సౌకర్యం ఉంది. కోతులొస్తే నేను హైదరాబాద్ నుంచి "హేయ్" అని అరిచేవాణ్ణి. మూడు రోజులు పారిపోయాయి. నాలుగో రోజు ఒకటి కెమెరా ఎదురుగా చతికిలబడి జామకాయ తింటూ వింది.

ఇప్పుడు కొనేవాళ్ళకి ఒకమాట. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. పాత సరుకు చవగ్గా ఇస్తున్నారంటే ఆ ధృవీకరణ ఉందో లేదో అడగండి. పాస్‌వర్డ్ కొన్నరోజే మార్చండి. ఊరొదిలి వెళ్ళే నాలుగు రోజుల కోసమే అయితే కొనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ళకి పోలీసులే కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి ఉంది, ముందు దాన్ని కనుక్కోండి.

మళ్ళీ కొంటారా అంటే, రెండు వైఫై కెమెరాలూ కొంటాను. యూపీఎస్ అన్నిటికన్నా ముందు కొంటాను. సిగ్నల్ పెంచే పెట్టె అసలు కొనను. కొట్టు కెమెరా బ్యాటరీ ఈ మధ్య త్వరగా దిగిపోతోంది. లోపలి సెల్స్ మార్చాలి. వచ్చే దింపుకి ముందే వెళ్ళి మార్చి, పలక కడిగి రావాలి. ఈసారి అడాప్టర్ల జోలికి మాత్రం నన్ను వెళ్ళొద్దంటోంది అమ్మ.