జాగ్రత్త: "మడత పడని నోటు" అని అంటగడుతున్న 1899 బ్లాక్ ఈగిల్

జెండా మీద రెక్కలు చాచిన గద్ద, దాని కింద ఎడమవైపు లింకన్, కుడివైపు గ్రాంట్. అమెరికా 1899 సిరీస్ ఒక డాలర్ సిల్వర్ సర్టిఫికెట్ ఇది, అంటే వెండికి మార్చుకునే హామీతో అచ్చేసిన పాత నోటు; బ్లాక్ ఈగిల్ దాని ముద్దుపేరు. "అన్‌సర్క్యులేటెడ్ (చేతులు మారి వాడకంలోకి రానిది), ఒక్క మడత లేదు" అన్న మాట నమ్మి ఈమధ్య ఒక కలెక్టర్ ఆన్‌లైన్‌లో కొన్నారు. నోటు అసలుదే, కానీ కడిగి, బరువు కింద నొక్కి చదును చేసినది. అమ్మినవాళ్లు వాపసు తీసుకునేది లేదన్నారు.

ఫోటోలో ఇది తెలియదు. చేతికి రాగానే గది చీకటి చేసి, టార్చి నోటుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. ఈ నోటు మీద నిలువునా మూడు, అడ్డంగా ఒకటి మడత గీతలు తేలాయి. పదింతలు చూపే భూతద్దం పెడితే ఆ గీతల వెంట ఇంకు రాలి, కాగితం పోగులు లేచి ఉన్నాయి. మడతను నొక్కి చదును చేయొచ్చు గానీ తెగిన పోగు మళ్లీ అతుక్కోదు. నీలం ముద్ర, నంబర్లు వెలిసిపోయాయి. వేలితో తడిమితే తగలాల్సిన ఇంకు ఎత్తు లేదు. యూవీ లైటు కింద కాగితం నీలంగా మెరిసిందంటే డిటర్జెంట్ తగిలినట్టే అనుమానించాలి. ఆ కాలపు కాగితం అలా మెరవదు.

సైజు సుమారు 187 × 79 మిల్లీమీటర్లు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే. వాడిన నోటుకి మూలలు మాత్రం కత్తిలా ఉండి, ఒకపక్క అంచు సన్నబడితే కత్తిరించారన్నమాట.

నోటు మీది ఇద్దరు ఖజానా అధికారుల సంతకాలు చదవకుండా ధర ఒప్పుకోవద్దు. స్పీల్‌మన్, వైట్ సంతకాలున్నది విరివిగా దొరుకుతుంది. నేపియర్, థాంప్సన్ జంట అరుదు, ఎందుకంటే థాంప్సన్ ట్రెజరర్‌గా ఉన్నది 1912 నవంబరు నుంచి 1913 మార్చి దాకానే. ఆ జంట ధర చూపించి మామూలు నోటు అమ్ముతారు.

నోట్లను పరీక్షించి గ్రేడ్ ఇచ్చే పీఎంజీ సంస్థ కవర్‌లో ఉంటే సరిపోతుందనుకోకండి, కవర్లకీ నకిలీలున్నాయి. సర్టిఫికెట్ నంబరు వాళ్ల సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో సీరియల్ నంబరు, అంచుల వెడల్పు, మరకలు పోల్చండి.

ఇంకొకటి: 1840 నాటి వెయ్యి డాలర్ల బ్యాంక్ నోటు, నంబరు 8894 అని ఎవరైనా చూపిస్తే అది సావనీర్ కాగితం, పైసా పెట్టకండి.

డబ్బు పంపకముందే వెనకనుంచి లైటు పెట్టి తీసిన ఫోటో, వాపసు షరతు రాతపూర్వకంగా అడగండి. ఏ ఒక్కటి ఇవ్వకపోయినా ఆ నోటు వదిలేయండి.