సిండెట్ సబ్బు, గ్లిజరిన్ క్రీము, సన్‌స్క్రీన్: నాలుగేళ్ల వాడకం తరువాత

2021 ఫిబ్రవరి నుంచి నేను మొహానికి మూడే వస్తువులు వాడుతున్నాను: ఒక సిండెట్ సబ్బు (సబ్బు బిళ్లలాగే ఉండే కృత్రిమ డిటర్జెంటు), గ్లిజరిన్ ఎక్కువగా ఉన్న ఒక సాదా క్రీము, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50 ఉన్న ఒక సన్‌స్క్రీన్. మధ్యలో కంపెనీలు మారాయి కాబట్టి పేర్లు రాయడం లేదు. రకాలు మాత్రం మారలేదు. ఇవి ఎలా పనిచేశాయో చెప్పే ముందు, నా చర్మం ఏ రకమో తెలుసుకోవడంలో నేను ఎంత పొరబడ్డానో చెప్పక తప్పదు, ఎందుకంటే సరుకు ఎంత మంచిదైనా రాసుకునేవాడి చర్మమేదో తెలియకపోతే సమీక్ష చదివినవారికి ఒరిగేదేమీ ఉండదు.

నాది జిడ్డు మొహమని కాలేజీ రోజుల నుంచీ నా నమ్మకం. రాజమహేంద్రవరంలో సాయంత్రం నాలుగయ్యేసరికి నుదురు, ముక్కు నూనె పూసినట్టు మెరుస్తుంటే వేరే రుజువు ఎందుకనిపించేది. 2019 జూన్‌లో ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో అద్దెకు దిగాక, బండి మీద దుమ్ములో తిరిగి వచ్చినప్పుడల్లా, అంటే రోజుకు మూడు నాలుగు సార్లు, జిడ్డు చర్మానికని అమ్మే ఫేస్‌వాష్‌తో మొహం కడిగేవాణ్ణి. కడిగాక వేలితో రుద్దితే చర్మం కిచకిచమనాలి. అప్పుడే శుభ్రపడినట్టు లెక్క. చలికాలం వచ్చేసరికి బుగ్గల మీద తెల్లటి పొట్టు లేచింది, గడ్డం గీసుకుంటే మంట పుట్టేది, అయినా మధ్యాహ్నానికల్లా ముక్కు మీద జిడ్డు ఎప్పటిలాగే తేలేది. ఆ జిడ్డు చూసి మళ్లీ కడిగేవాణ్ణి.

రెండో చలికాలంలో మందుల షాపు కుర్రాడు ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టి, "ఇది రాయన్నా, రెండ్రోజుల్లో నున్నగైపోద్ది" అన్నాడు. నిజంగానే అయింది, అదే నా కొంప ముంచింది. మూడు నెలలు రాసి ఆపేస్తే నాలుగో రోజుకు బుగ్గలు ఎర్రగా కందిపోయి, కాస్త ఎండ తగిలినా చురచుర మండాయి. చర్మవ్యాధుల డాక్టరుగారు ఆ ట్యూబు వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివి, అందులో మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ఉందని చూపించారు. చర్మానికి రాసే ఇలాంటి స్టెరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన కట్టుదిట్టం చేసింది, కానీ నన్ను చీటీ అడిగినవారు లేరు. ఆ ఎరుపు తగ్గడానికి, మందులు వాడుతూనే, దాదాపు ఐదు నెలలు పట్టింది.

చర్మ రకం ఎలా చూసుకోవాలో అప్పుడే డాక్టరుగారు చెప్పారు. గాఢత లేని సబ్బుతో మొహం కడిగి, తువ్వాలుతో అద్ది, ఏమీ రాయకుండా, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఒక గంట కూర్చోవాలి. ఆ తరువాత పలుచటి టిష్యూ కాగితాన్ని నుదుటికి, ముక్కుకు, గడ్డానికి, రెండు బుగ్గలకు విడివిడిగా అద్ది వెలుతురులో పట్టి చూడాలి. నా కాగితం మీద నుదురు, ముక్కు ఉన్నచోట పారదర్శకంగా మరకలు కనిపించాయి. బుగ్గలు అద్దిన చోట ఏమీ లేదు, పైగా నవ్వితే బుగ్గలు లాగేస్తున్నాయి. అంటే నాది జిడ్డు చర్మం కాదు, మిశ్రమ చర్మం. నేను మొహం మొత్తానికి తీర్పు చెప్పింది ఒక్క ముక్కును చూసి!

ఈ పరీక్ష తేల్చేది నూనె సంగతే. చర్మంలోని నూనె వేరు, నీరు వేరు. నూనెను సెబేషియస్ గ్రంథులు ఊరిస్తాయి, అవి నుదుటి మీద, ముక్కు మీద ఎక్కువ. నీటిని పట్టి ఉంచేది పైపొరలోని కొవ్వు పదార్థాలు. గట్టిగా కడిగితే ఆ కొవ్వు కొట్టుకుపోయి నీరు ఆవిరవుతుంది, కాని గ్రంథులు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. జిడ్డూ పొట్టూ ఒకే మొహం మీద కాపురం చేయడానికి కారణం ఇదే. అయితే పొట్టు లేచిన ప్రతిదీ పొడి చర్మం కాదని, ముక్కు పక్క మడతల్లోనూ కనుబొమల్లోనూ పసుపుపచ్చగా పొట్టు లేస్తే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చని, దానికి మందు వేరని డాక్టరుగారు హెచ్చరించారు. చర్మం సులభంగా కందిపోవడం కూడా జిడ్డు, పొడి అన్న లెక్కలోకి రాదు. అందుకే అమెరికా చర్మవైద్యురాలు లెస్లీ బౌమన్ కందే గుణాన్నీ మచ్చపడే గుణాన్నీ ముడతపడే గుణాన్నీ కూడా కలిపి మొత్తం పదహారు రకాలు కట్టారు. నా వంటివాడికి అన్ని రకాలు అక్కర్లేదు గాని, కందే గుణాన్ని విడిగా చూడాలన్న మాట మాత్రం ఆ ట్యూబు పుణ్యమా అని బాగా తలకెక్కింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ చూసి, "మొహం ఏంట్రా, అలా పెళుసుబారిపోయింది?" అంది. అక్కడున్న వారం రోజుల్లో, అదే గ్లిజరిన్ క్రీముతో, బుగ్గల బిగుతు పోయింది. గోదావరి నీటిలో సబ్బు ఇట్టే నురగ వస్తుంది. నిజాంపేట బోరు నీటిలో ఎంత రుద్దినా రాదు, బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి చేసే తెట్టు అది, అదే చర్మం మీదా మిగులుతుంది. నేను శుభ్రతకు గుర్తనుకున్న కిచకిచలో దాని వాటా కూడా ఉంది. తాగునీటి కాఠిన్యానికి, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం మోతాదుకు, భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 వరకు. మా అపార్ట్‌మెంట్ సంఘం పరీక్ష చేయిస్తే 740 వచ్చింది.

ఇక వస్తువుల సంగతి. సిండెట్ పేరుకు సబ్బేగాని నిజానికి సబ్బు కాదు, కాబట్టి కఠిన జలంలో తెట్టు కట్టదు. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) చర్మానికి దగ్గరగా ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా పోతుంది, ఆరోగ్యంగా ఉన్న చర్మానిది 5 దరిదాపుల్లో ఉంటుంది. రేపర్ మీద టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం అని చూసి, మొదటి శ్రేణి సబ్బు కదా అని నేనూ మురిసిపోయినవాణ్ణే. టీఎఫ్ఎం ఎంత పెరిగినా క్షారగుణం పోదు. సిండెట్ మొదలుపెట్టిన మూడో వారానికి గడ్డం గీసుకునేటప్పటి మంట పోయింది. లోపాలూ ఉన్నాయి: ధర మామూలు సబ్బుకు నాలుగైదు రెట్లు, నురగ తక్కువ, సబ్బు పెట్టెలో నీళ్లు నిలిస్తే రెండు రోజుల్లో ముద్దవుతుంది. సగానికి కోసి వాడుకోవడం అలవాటు చేసుకున్నాను.

క్రీము గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మొహం తడి పూర్తిగా ఆరకముందే రాయాలి, గ్లిజరిన్ ఆ తడిని పట్టుకుంటుంది. డిసెంబరులో మొహమంతా, రోహిణి కార్తెలో బుగ్గలకు మాత్రమే రాస్తాను. అమ్మ మాట విని కొబ్బరి నూనె కూడా ప్రయత్నించాను. పిక్కలకు దివ్యంగా పనిచేసింది, నుదుటి మీద వారంలో మొటిమలు తెచ్చింది.

సన్‌స్క్రీనే నన్ను ఎక్కువ సతాయించింది. మొదటి 50 గ్రాముల ట్యూబు ఆరు నెలలు వస్తే పొదుపరినని సంబరపడ్డాను. మొహానికి, మెడకు కలిపి చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు, అంటే దాదాపు ఒక గ్రాము రాయాలి. ఆ లెక్కన రోజుకొకసారి రాసినా యాభై రోజుల్లో అయిపోవాలి. నేను రాసినంతలో ఎస్‌పీఎఫ్ 50 అన్నది అట్ట మీద అంకెగానే మిగిలింది. ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో మొదలుపెట్టిన వర్గీకరణలో మనలో చాలామంది నాలుగు, ఐదు రకాల కిందికి వస్తాం: సులభంగా కాలము, సులభంగా నల్లబడతాం, మచ్చ పడితే తొందరగా పోదు. జింక్ ఆక్సైడ్ రకం రాస్తే మొహం విభూతి పూసినట్టు కనిపించేది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చామనఛాయకు దగ్గరగా ఉన్న రంగు రకానికి మారాక ఆ బాధ తప్పింది. మంగు మచ్చలున్న మా అక్కకు డాక్టరు ఆ రకమే రాశారు, అది కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత ఆపుతుందట.

భోగినాటి సున్నిపిండి మానలేదు, కాని అమ్మ కలిపే బావంచాలు నా వాటాలో వేయవద్దన్నాను. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి నల్లబడవచ్చు. బొల్లి చికిత్సలో వాడేది కూడా ఆ గుణాన్నే.

నాలుగేళ్ల తరువాత కూడా తీరని ఫిర్యాదు ఒకటుంది. మే నెలలో హెల్మెట్ కింద చెమటతో కలిసి సన్‌స్క్రీన్ కళ్లలోకి కారి మండిస్తుంది. నాలుగు రకాలు మార్చాను, ఏదీ నిలవలేదు. ప్రస్తుతానికి కనుబొమల పైన వేలెడు మేర వదిలేసి, హెల్మెట్ అద్దం కిందికి దించుకుని వెళుతున్నాను.