మా క్లినిక్‌లో మెదడు పనితీరు పరీక్ష: నా రివ్యూ

హెచ్ఐవీ మందుల కోసం వెళ్లే క్లినిక్‌లో ఈసారి మెదడు పరీక్ష కూడా చేశారు. పేరు ఇంటర్నేషనల్ హెచ్ఐవీ డిమెన్షియా స్కేల్. నాలుగు మాటలు గుర్తుపెట్టుకోమన్నారు. ఎక్కువగా వాడని చేతి వేళ్లను వేగంగా తెరిచి మూయించారు. తర్వాత పిడికిలి, అరచేయి, చేతి అంచు వరుసగా బల్లపై పెట్టించి, చివర్లో ఆ మాటలు చెప్పమన్నారు. 12 మార్కులకు 10 లేదా తక్కువ వస్తే లోతైన పరీక్షలు అవసరం.

నాకు బాగా నచ్చింది సిస్టర్ వివరించిన తీరు. సోకిన మొదటి వారాల్లోనే వైరస్ రక్తకణాల ద్వారా మెదడుకు చేరగలదట. అక్కడ నాడీకణాల్లోకి కాకుండా ముఖ్యంగా మైక్రోగ్లియా అనే రక్షణ కణాల్లోకి దూరుతుంది. దానివల్ల వచ్చే వాపు నాడీకణాలను దెబ్బతీస్తుంది. అందుకే కొందరిలో ఏకాగ్రత, ఆలోచనా వేగం తగ్గుతాయి. మందులు త్వరగా మొదలుపెడితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుందని విన్నాక నా టెన్షన్ సగం పోయింది.

ఒక్క లోపం: తేలికపాటి మార్పులను ఈ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. మార్కులు బాగున్నా మతిమరుపు ఇబ్బంది పెడుతుంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. డిప్రెషన్, నిద్రలేమి గురించి కూడా క్లినిక్ వాళ్లు నన్ను అడగాల్సింది, అడగలేదు.