రివ్యూల క్యూఆర్ కోడ్: పెట్టె మీద అద్దె కోడ్ వేయించకండి

ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నవాళ్లు కొట్టు దగ్గర నిలబడి తినరు. పెట్టె హైదరాబాద్ చేరి, ఇంటిల్లిపాదీ తిన్నాకే రుచి గురించి మాట్లాడతారు. అందుకే రివ్యూ అడగడానికి సరైన చోటు కౌంటర్ కాదు, పెట్టె మూత. మూడేళ్లుగా రెండు చోట్లా రకరకాల కోడ్‌లు వాడి చూశాక తేలింది ఇదీ: కోడ్ ఏ రకమో నిర్ణయించేది అచ్చు ఎన్నాళ్లు బయట తిరుగుతుందన్నదే.

డైనమిక్ కోడ్‌లో మీ గూగుల్ లింకు ఉండదు. కోడ్ అమ్మినవాళ్ల చిన్న లింకు ఉంటుంది. స్కాన్ ముందు వాళ్ల సర్వర్‌కు వెళ్లి, అక్కణ్నుంచి మీ పేజీకి వస్తుంది. అచ్చయ్యాక కూడా లింకు మార్చుకోవచ్చు, రోజుకెన్ని స్కాన్లో తెలుస్తాయి. అంతవరకు బాగానే ఉంటుంది. చందా ఆగిందా, కోడ్ కూడా ఆగిపోతుంది. ఉచితమని ఇచ్చి, ట్రయల్ గడువయ్యాక ఆపేసే జనరేటర్లూ ఉన్నాయి. కౌంటర్ కార్డయితే చింపి కొత్తది పెట్టుకుంటాం. ఐదు వేల పెట్టెలు అచ్చేయించి అటక మీద పెట్టుకున్నవాళ్ల గతేమిటి? కోడ్‌కు కెమెరా చూపించి, తెర మీద వచ్చే లింకు చదవండి. గూగుల్ పేరో (g.page కూడా గూగుల్‌దే) మీ పేరో కాకుండా ఇంకెవరిదో కనిపిస్తే అది అద్దెదే.

లింకు నేరుగా కోడ్‌లోనే ఉండే స్టాటిక్ కోడ్‌కు గడువు లేదు. గూగుల్‌లో మీ కొట్టు వివరాలుండే బిజినెస్ ప్రొఫైల్‌లో రివ్యూలు అడిగే చోట లింకూ, కోడూ ఉచితంగా దొరుకుతాయి. ఆ చిన్న లింకు సుమారు 40 అక్షరాలు. కొంత చెడినా కోడ్ చదివించే ఏర్పాటును దిద్దుబాటు అంటారు; అది ఎం స్థాయిలో ఉంటే కోడ్‌లోని నలుపు తెలుపు గడులు అడ్డానికి 29, నిలువుకు 29 సరిపోతాయి. అదే 80 అక్షరాల పొడుగు లింకుకు అన్నిటికన్నా ఎక్కువైన హెచ్ స్థాయి పెడితే అడ్డానికీ నిలువుకూ 49 గడులవుతాయి. రెండున్నర సెంటీమీటర్ల కోడ్‌లో గడి 0.86 మిల్లీమీటర్ల నుంచి 0.5కు పడిపోతుంది. గరుకు అట్ట మీద సిరా పాకి ఆ సన్న గడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. హెచ్ 30 శాతం చెడినా చదువుతుంది, ఎం 15 శాతమే, నిజమే. కానీ మధ్యలో లోగో పెట్టేవాళ్లకే హెచ్ అవసరం.

సొంత డొమైన్, అంటే మీ పేరుతో వెబ్ చిరునామా ఉంటే ఇంకా మంచిది. మీ పేరున్న చిన్న లింకును స్టాటిక్‌గా అచ్చేయించి, అక్కణ్నుంచి గూగుల్ పేజీకి మళ్లించండి. కొట్టు మారినా పెట్టెలు మార్చక్కర్లేదు. ఏటా డొమైన్ రెన్యువల్ మాత్రం మరవకూడదు.

పెట్టె అడుగున కోడ్ వద్దు. నెయ్యి పీల్చి అట్ట ముదురు రంగుకు తిరుగుతుంది, నలుపుకూ తెలుపుకూ తేడా పోతుంది. మూత మీద, మడత పడని చోట, చుట్టూ నాలుగు గడుల ఖాళీతో వేయించండి. మెరూన్ పెట్టె మీద బంగారు ఫాయిల్‌తో కోడ్ అందంగానే ఉంటుంది, కానీ మెరుపుకు కెమెరా తడబడుతుంది. తెల్ల చదరం వేసి దాని మీద నల్ల కోడ్ వేయించండి. కడియం నర్సరీల్లోలా ఎండా నీళ్లూ తగిలే చోట కాగితం నిలవదు, వినైల్ స్టిక్కరుకు మ్యాట్ లామినేషన్ చేయించాలి.

కౌంటర్ మీద వచ్చే తంటా వేరు. కోడ్ కనిపిస్తే జనం ఫోన్‌పే తెరుస్తారు. అది డబ్బులకు సంబంధించిన కోడ్ కాదు కాబట్టి చెల్లదంటుంది, వాళ్లు వెళ్లిపోతారు. చెల్లింపు కోడ్‌కు దూరంగా పెట్టి, పైన ‘ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి’ అని పెద్దక్షరాలతో రాయించండి. మీటరు దూరం నుంచి చదవాలంటే 10 సెంటీమీటర్ల కోడ్ కావాలి.

ఫిర్యాదుల కోసం వాట్సాప్ కోడ్ కూడా పెట్టేవాళ్లున్నారు, మంచి పని. అయితే ముందే నింపిన సందేశం తెలుగులో పెట్టకండి. లింకులో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి అక్షరాలవుతుంది. ‘రేకులు విరిగాయి’ అన్న రెండు మాటలకే దాదాపు 130 అక్షరాలు పట్టి కోడ్ కిక్కిరిసిపోతుంది. నంబరు ఒక్కటే చాలు.

నచ్చినవాళ్లను మాత్రమే గూగుల్‌కు పంపి మిగతావాళ్లను పక్కకు మళ్లించడం, రివ్యూకు బదులు రాయితీ ఇవ్వడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. రివ్యూలు తొలగించే ప్రమాదం ఉంది.

ప్రెస్‌వాళ్లు తెర మీద చూపించే ప్రూఫ్‌కు ఒప్పుకోకండి. అసలు అట్ట మీదే ఒకటి తీయించి, పెట్టెగా మడిచి, ప్లాస్టిక్ కవర్ తొడిగి, ట్యూబులైటు కింద ఇంట్లో ఉన్న పాత ఫోన్‌తో స్కాన్ చేశాకే మిగతా పెట్టెలు అచ్చేయమనండి.