గోపాల్‌పూర్‌లో రెండు రాత్రులు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

శ్రీకాకుళంలో ఉండి సముద్రం కోసం ఒడిశా వెళ్ళడం ఏమిటని ఇంట్లో అందరూ అడిగారు. కళింగపట్నం ఉంది, బారువ ఉంది, పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం కదా అన్నారు మా ఆయన. నిజమే. కానీ తెల్లారి లేవగానే మంచం మీంచే సముద్రం కనబడాలి, రెండు రోజులు వంటింటి ఊసు ఉండకూడదు, పెద్దవాళ్ళకి బాత్రూమ్ దగ్గర్నుంచి మెట్ల దాకా ఇబ్బంది ఉండకూడదు అనుకుంటే మన తీరంలో నాకు నచ్చిన బస దొరకలేదు. మా అత్తమామల పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయి, ఈ ఒక్కసారికి బాగా ఖర్చు పెడదామనుకున్నాం. పిల్లలు గోవా అన్నారు గానీ అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మూడు గంటలు దాటితే రైల్లో కూర్చోలేరు. అలా గోపాల్‌పూర్ దగ్గర ఆగాం.

ఆమదాలవలసలో రైలెక్కితే పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటాక బరంపురం, సుమారు 150 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి గోపాల్‌పూర్ ఆటోలో అరగంట పైన పడుతుంది. భాష గురించి టెన్షన్ పడక్కర్లేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా బరంపురం, మన ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా, రాష్ట్రపతి వి.వి. గిరి గారు పుట్టింది కూడా బరంపురంలోనే. స్టేషన్ బయట మావయ్యగారు తెలుగులోనే ఆటో బేరమాడారు.

ఎప్పుడు వెళ్ళాలన్నది ముందు తేల్చుకోండి. దసరా సెలవులని అక్టోబర్‌లో మాత్రం పెట్టుకోకండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, 2018 అక్టోబర్‌లో తిత్లీ మన పలాస వైపు ఏం చేసిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నెలలో తప్పనిసరైతే, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చే గదే తీసుకోండి. మేం సంక్రాంతి హడావిడి అయ్యాక జనవరి ఆఖర్లో వెళ్ళాం, పగలు ఎండ బాగుంది, రాత్రి పల్చటి శాలువా సరిపోయింది.

మొదటి రాత్రికి బీచ్ రోడ్డులో ఒక మధ్యరకం హోటల్. ఆన్‌లైన్‌లో సీ వ్యూ అని రాసి ఉంది, దానికి విడిగా ఎక్కువ కూడా కట్టాం. తీరా గది తలుపు తీస్తే ఎదురు బిల్డింగు నీళ్ళ ట్యాంకుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య జానెడు నీలం. కౌంటర్‌లో అడిగితే కనబడుతోంది కదండీ అన్నాడు. నాకు చాలా బాధేసింది, అత్తయ్యగారు ఏమీ అనకుండా ఆ సందులోంచే కాసేపు చూస్తూ నిలబడ్డారు. కాబట్టి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి, ఏ అంతస్తు, సముద్రానికి ఎదురుగానా పక్కగానా అని అడిగి, వాట్సాప్‌లో ఆ గది ఫొటోనే తెప్పించుకోండి.

ఇక సముద్రం. గోపాల్‌పూర్ బీచ్ చూడ్డానికి ఎంత బాగుంటుందో స్నానానికి అంత ప్రమాదం. ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది, నాలుగడుగులు వేస్తే లోతు. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. "మోకాలు దాటి ఎల్లకండమ్మా, కెరటం ఎనక్కి లాగితే కాళ్ళ కింద ఇసక ఉండదు. గుంటల సెయ్యి వదలకండి" అన్నాడు, గుంటలంటే పిల్లలు. అచ్చం మన మాటే! అక్కడి జాలర్లని నోలియాలంటారు, చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ తాతలు బారువ నుంచి వచ్చీసినారట. అత్తయ్యగారి మణికట్టు పట్టుకుని, ఆవిడ పాదాల మీదికి మూడు కెరటాలు వచ్చేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. ఎండకీ ఉప్పుకీ చీలిన ఆ వేళ్ళు, ఆవిడ గాజుల చెయ్యి, ఆ ఫొటోయే ఇప్పుడు మా హాల్లో ఉంది. పాత రేవు శిథిలాల దగ్గర మావయ్యగారు చాలాసేపు కూర్చున్నారు. వాళ్ళ తాతగారు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళడానికి ఓడెక్కింది ఇక్కడేనట, ఇన్నేళ్ళలో మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

రెండో రాత్రి మేఫెయిర్ పామ్ బీచ్. వందేళ్ళు దాటిన హోటల్, ఒకప్పుడు ఒబెరాయ్ వాళ్ళు నడిపేవారు. ఇక్కడ పెట్టిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది, ముఖ్యంగా పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి. అంత నిశ్శబ్దం, కెరటాల చప్పుడు, తోట దాటితే ఇసక. సామాను తెచ్చిన కుర్రాడు అత్తయ్యగారి నడక చూసి, మేం అడక్కుండానే స్నానాలగదిలోకి ఒక స్టూలు తెచ్చిపెట్టాడు.

అయితే బిల్లు గురించి ముందే లెక్క వేసుకోవాలి. గది అద్దె రోజుకి 7,500 లోపుంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఖరీదైన హోటళ్ళలో భోజనం బిల్లు మీద కూడా 18 పడుతుంది, ఆరుగురు రెండు పూటలు తింటే ఆ తేడా తెలుస్తుంది. అందుకే బ్రేక్‌ఫాస్ట్ కలిపిన గది తీసుకుని, మధ్యాహ్నం బయట తిన్నాం. బీచ్ దగ్గర చిన్న హోటల్లో చందువ వేపుడు, రొయ్యల కూర, వేడన్నం. మా పిల్లలు ఇప్పటికీ ఆ రొయ్యల గురించే చెబుతారు. రెండు రాత్రులూ ఖరీదైన చోట ఉండనక్కర్లేదు. కానీ ఒక రాత్రి మధ్యరకం, ఒక రాత్రి మంచిది అనుకుంటే మంచిది రెండోదిగా పెట్టుకోండి, అలసట తీరి ఇంటికొస్తారు.

లైట్‌హౌస్ సాయంత్రం పూటే ఎక్కనిస్తారు, మెట్లు కాబట్టి పిల్లలూ మా ఆయనా వెళ్ళారు. చిలికా సరస్సు చూడాలంటే దగ్గర రేవు రంభ, కారులో వెళ్ళి పడవెక్కాం. చలికాలం పిట్టలు బాగా కనబడ్డాయి. డాల్ఫిన్ల కోసం మాత్రం రంభ వెళ్ళకండి, అవి ఉండేది పూరీ వైపు సాతపడా దగ్గర. ఇది తెలియక మా చిన్నాడు పడవలో సగం సేపు నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు, నేను ముందే చెప్పాల్సింది. తారాతరిణి అమ్మవారి గుడి ఉన్న కొండకి 999 మెట్లు, రోప్‌వే కూడా ఉంది గానీ అత్తయ్యగారు అప్పటికే అలసిపోయారని వదిలేశాం.

రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అవి చూడ్డానికే మళ్ళీ వెళ్దామంటున్నాడు చిన్నాడు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ఈసారి డిసెంబర్ ఆఖర్లోనే టిక్కెట్లు తీసేసుకుంటాం. తిరుగు రైలుకి ముందు బరంపురంలో ఒక గంట ఉంచుకోండి, అప్పడాలూ పచ్చళ్ళూ కొనడానికి అది చాలు. పట్టుచీర కూడా చూడాలంటే మాత్రం ఒక పూట కావాలి.