ఫస్ట్ ఫ్లష్ అని చెప్పి సీటీసీ పొడి అంటగట్టారు: డార్జిలింగ్ వెళ్ళేవారు జాగ్రత్త

డార్జిలింగ్‌లో రుచి చూపించి టీ అమ్మే ఆ దుకాణం గురించే రాస్తున్నాను. వరుసగా గాజు సీసాలు, తెల్ల పింగాణీ కప్పులు, తేనె పూసిన మాటలు అంటే వెళ్ళి వచ్చినవారికి అర్థమవుతుంది. ఏప్రిల్‌లో అక్కడ అర కిలో ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో తొలి కోత ఆకు) 3,600 రూపాయలకు కొని, నిన్న హైదరాబాదులో పొట్లం విప్పాను.

పైన ఒక్క పొర మాత్రమే ఆకు. వేలు పెట్టి కదిపితే కింద ఆవగింజల్లాంటి నల్లని గుళికలు జలజలా రాలాయి. తొలి చిగుళ్ళను కోసి, రాత్రంతా గాలి వీచే తొట్లలో బాగా వాడ్చి, మెల్లగా నలిపి, గాలి తగిలి ఆకు నల్లబడే ఆక్సీకరణ పూర్తిగా సాగకముందే ఆరబెడతారు గనుక ఫస్ట్ ఫ్లష్ ఆకులో పచ్చదనం మిగులుతుంది, డికాషన్ లేత బంగారు రంగులో దిగుతుంది. గుళికలు వచ్చేది మాత్రం వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ళ రోలర్ల మధ్య ఆకును నలగ్గొట్టి చీల్చే సీటీసీ పద్ధతిలో. ఆ పొడిని నేను తప్పుపట్టడం లేదు, రోజూ పొద్దున పాలు పోసుకుని తాగేది దానినే. కానీ దానికి ఈ ధర ఇవ్వను.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉండడమే అసలు సిగ్గుచేటు. ఒకే మొక్క ఆకుకు కోసిన వెంటనే వేడి తగిలిస్తే గ్రీన్ టీ, ఆక్సీకరణను మధ్యలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా సాగనిస్తే బ్లాక్ టీ అని ఆ దుకాణంలోనే మా బావమరిదికి పాఠం చెప్పాను. యజమాని తలాడిస్తూ "సార్‌కు అన్నీ తెలుసు" అని మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయి, ఫోన్‌లో డబ్బు పంపడానికి తల వంచిన ఆ అర నిమిషంలోనే రుచి చూపించిన సీసా పక్కకు పోయి, బల్ల కింది డబ్బా పైకి వచ్చి ఉండాలి. మూత చప్పుడు విన్నాను కూడా. తల మాత్రం ఎత్తలేదు.

నిన్ననే ఫోన్ చేస్తే "ప్రయాణంలో ఆకు నలిగింది" అన్నాడు. కొండ దిగి వచ్చేలోగా ఆకు తనంతట తానే సీటీసీ అయిపోయిందట. మరి ఫ్యాక్టరీలకు ఆ యంత్రాలన్నీ ఎందుకో! గట్టిగా అడిగేసరికి "పాలు పోసుకుని తాగేవాళ్ళు మీరు, మీకు తేడా ఏం తెలుస్తుంది" అని నవ్వి పెట్టేశాడు. పోయిన డబ్బుకన్నా ఆ నవ్వే నిన్న రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

కొనేవారు తూచిన ఆకును తెల్ల కాగితం మీద పోయించి చూసుకుని, కళ్ళ ముందే సీలు వేయించుకుని, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి. డార్జిలింగ్ టీకి 2004లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ ప్రాంతపు టీకే ఆ పేరు వాడాలి. చిగురు పట్టుకున్న స్త్రీ ముఖం ఉండే టీ బోర్డు ముద్ర కోసం ప్యాకెట్ మీద వెతకండి. నా పొట్లం మీద అది లేదన్న సంగతి కూడా నేను నిన్ననే చూశాను.